దేవుణ్ణి లేఖనాల్లో చదవడం – 3వ పాఠం: ఒకే మాటను వెంబడించి చదవడం

కిందటి పాఠంలో 136వ కీర్తన ఇచ్చి, అందులో దేవుడు చేసిన పనులన్నిటి కింద గీత గీయమన్నాను. మొత్తం 26 వచనాలు. ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవి. ఆకాశాన్ని చేశాడు, భూమిని నీళ్ల మీద పరిచాడు, సముద్రాన్ని పాయలు చేశాడు, సమస్త జీవులకూ ఆహారం పెడుతున్నాడు. వీటి పక్కన కృప అనే మాట చక్కగా ఇమిడిపోతుంది. 10వ వచనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను ఆగుతుంది. అక్కడున్నది ఐగుప్తులో తొలిచూలు పిల్లలు చనిపోవడం. పల్లవి మాత్రం అదే.

ఆ వచనం దగ్గర ఆగకుండా పాడుకుంటూ ముందుకు పోయినవాళ్లు ఒక్కసారి వెనక్కి వెళ్లి ఆగండి. దేవుడు దయగలవాడు, దేవుడు తీర్పు తీర్చేవాడు. ఈ రెండు మాటలూ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. సండే స్కూల్లో వేరువేరు వారాల్లో నేర్చుకున్నాం కాబట్టి వేరువేరు గదుల్లో దాచుకున్నాం. బైబిలు వాటిని అలా విడదీయదు. ఒకే వాక్యంలో పెడుతుంది. ఆ వాక్యాన్ని పట్టుకుని, అది బైబిలంతటా ఎక్కడెక్కడికి ప్రయాణం చేసిందో వెంబడించడమే ఈ పాఠం.

ఎలా చేయాలో ముందే చెప్తాను. నోటుబుక్కులో ఒక పేజీని నాలుగు నిలువు వరసలుగా గీసుకోండి. ఈ మాట ఎవరు పలికారు, ఏ పరిస్థితిలో పలికారు, మూలవాక్యంలో ఏ భాగం ఉంచుకుని ఏది వదిలేశారు, ఆ మాట ఆధారంగా ఆ తర్వాత ఏం చేశారు లేదా ఏం అడిగారు. మూడో వరస నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది. తొందరపడొద్దు.

మూలవాక్యం

నిర్గమకాండము 34:6-7. పరిశుద్ధ గ్రంథంలో దేవుడు తన స్వభావం ఎలాంటిదో తన నోటితో ఇంత వివరంగా ప్రకటించిన చోటు ఇదే. "యెహోవా కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా" అని మొదలవుతుంది. వేయివేల మందికి కృప చూపిస్తాడు, దోషాన్నీ అపరాధాన్నీ పాపాన్నీ క్షమిస్తాడు. వెంటనే ఒక "గాని" వస్తుంది. ఏమాత్రమూ దోషులను నిర్దోషులుగా ఎంచడు, తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి రప్పిస్తాడు.

ఇది వట్టి నిర్వచనం అనుకుంటే సగం పోయినట్టే. ఎప్పుడు పలికాడో చూడాలి. అందుకే 34వ అధ్యాయంతో మొదలుపెట్టకుండా 32 నుంచి చదవాలి. ఇశ్రాయేలీయులు సీనాయి దగ్గర నిబంధన చేసుకున్నారు. మోషే కొండ మీద నలభై రోజులు ఉండిపోయాడు. ఆ నలభై రోజులు కాకముందే కింద బంగారు పోగులు కరిగి దూడ అయింది. మోషే పలకలు పగలగొట్టాడు. ఆ రోజు ఇంచుమించు మూడువేల మంది చనిపోయారు. 33వ అధ్యాయంలో ఇంకా భయంకరమైన మాట ఉంది. మీరు వెళ్లండి, నేను మాత్రం మీతో రాను అన్నాడు దేవుడు. మోషే పట్టు విడవలేదు. నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి కదిలించొద్దన్నాడు. చివరికి "నీ మహిమను నాకు చూపుము" అని అడిగాడు.

మహిమ చూపమని అడిగినవాడికి దేవుడు ఏం చూపించాడు? మెరుపులూ ఉరుములూ అతను 19వ అధ్యాయంలోనే చూసేశాడు. ఈసారి "నా మంచితనమంతయు" నీ ఎదుట కనపరుస్తానన్నాడు. మోషేను బండ సందులో ఉంచి, చేత్తో కప్పి, దాటి వెళ్తూ ఈ వాక్యం పలికాడు. అంటే క్రైస్తవులు, వాళ్లకంటే ముందు యూదులు, దేవుని స్వభావం గురించి ఎరిగిన అత్యంత లోతైన మాట మనుషులు ఘోరంగా తప్పిన రోజుల్లో వచ్చింది, పగిలిన పలకల స్థానంలో కొత్త పలకలు చెక్కుతున్నప్పుడు. నోటుబుక్కులో రెండో వరస మీద ఇంత పట్టుదల ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

మోషే వెంటనే ఏం చేశాడో 9వ వచనంలో చూడండి. నేలకు తలవంచి, ఇప్పుడే విన్న మాటను ప్రార్థనగా మార్చేశాడు. వీళ్లు లోబడనొల్లని ప్రజలు, మా దోషాన్ని పాపాన్ని క్షమించు అన్నాడు. "వాళ్ల పాపం" అనలేదు, "మా" అన్నాడు. దూడను చేసిన రోజు అతను అక్కడ లేడు కూడా.

మొదటి మజిలీ: సంఖ్యాకాండము 14

కాదేషు, వాగ్దాన దేశపు పొలిమేర. ఆ దేశాన్ని వేగు చూసి వచ్చిన పన్నెండు మందిలో పది మంది భయపెట్టారు. జనం ఐగుప్తుకు తిరిగి వెళ్దామని ఏడుస్తున్నారు. వీళ్లను తుడిచేసి నీ నుంచి పెద్ద జనాన్ని పుట్టిస్తానని దేవుడు మోషేతో అన్నాడు. అప్పుడు మోషే దేవుని మాటను దేవునికే అప్పజెప్పాడు. 17-18 వచనాలు చదవండి. నీవు సెలవిచ్చిన మాట చొప్పున నీ బలం ఘనపరచబడాలి అంటాడు. ఏ బలం? క్షమించే బలం. మూడో వరసలో రాసుకోండి: మోషే తీర్పు భాగాన్ని వదల్లేదు, "అపరాధిని నిరపరాధిగా ఎంచడు" అన్నది కూడా పలికాడు. క్షమించమని బతిమాలేటప్పుడు మనలో ఎవరమైనా ఆ భాగాన్ని నెమ్మదిగా మింగేస్తాం. అతను మింగలేదు.

దేవుని జవాబులో ఆ వాక్యపు రెండు సగాలూ కనిపిస్తాయి. 20వ వచనం: నీ మాట చొప్పున క్షమించాను. 23వ వచనం: ఆ తరం మాత్రం వాగ్దాన దేశాన్ని చూడదు. క్షమాపణ నిజం, పర్యవసానమూ నిజం.

ఈ అధ్యాయం ఇంకో ముడి కూడా విప్పుతుంది. దీని మీద ఎక్కువసేపు నిలబడాలనుకుంటున్నాను, ఎందుకంటే మన సంఘాల్లో ఈ వచనంతో చాలామంది మనసులు గాయపడ్డాయి. "మూడు నాలుగు తరాలు" అన్న మాట చూపించి, నీ బిడ్డకు ఈ జబ్బు మీ తాత చేసిన పాపం వల్లే వచ్చిందని, పితరుల శాపబంధకాలు తెంచుకోవాలని చెప్పే బోధ మీరూ వినే ఉంటారు. అంగవైకల్యంతో పుట్టిన పిల్లల తల్లులు ఆ మాట మోసుకుంటూ ఇంటికి వెళ్తారు. లేఖనం ఆ మాట ఎలా వాడిందో చూడకుండా చేసే బోధ ఇది. సంఖ్యాకాండము 14:31-33 చూడండి. తండ్రుల తిరుగుబాటు పిల్లల మీదికి ఎలా వచ్చింది? తండ్రులు పడిపోయేదాకా పిల్లలూ నలభై ఏళ్లు అరణ్యంలో తిరగాల్సి వచ్చింది. పెద్దలు దారి తప్పితే ఆ ఇంట్లో పుట్టినవాళ్లు ఆ దారి దుమ్మంతా మింగాల్సి వస్తుంది, అది మన ఇళ్లలోనూ కళ్లముందున్న సంగతే. కానీ దేవుడు ఆ పిల్లల్ని దోషులని తేల్చలేదు. కొల్లపోతారని ఏ పిల్లల గురించి మీరు భయపడ్డారో ఆ పిల్లల్నే నేను దేశంలోకి తీసుకెళ్తాను అన్నాడు. యెహెజ్కేలు 18:20 దీన్ని సూటిగా చెప్తుంది, తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడు అని. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతను పాపం చేశాడా, ఇతని కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, యోహాను 9:3లో యేసు రెండూ కాదన్నాడు. నిర్గమకాండము 20:5లో ఇదే మాట వచ్చినప్పుడు "నన్ను ద్వేషించువారి విషయములో" అని కూడా ఉంది. మూడు నాలుగు తరాలకు ఎదురుగా వేయివేల మందికి కృప ఉందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ వాక్యం బరువు ఎటు మొగ్గిందో ఆ అంకెలే చెప్తాయి.

నీనెవె దగ్గర రెండు సగాలు

ఇప్పుడు యోనా 4:2, ఆ తర్వాత నహూము 1:3 తెరవండి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం ఈ పాఠానికి గుండెకాయ.

యోనా పేరు 2 రాజులు 14:25లో ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దం, రెండవ యరొబాము రోజులు. నీనెవె అష్షూరు పట్టణం, నేటి ఇరాక్‌లో మోసుల్‌కు ఎదురుగా, టైగ్రిస్ నది ఒడ్డున దాని శిథిలాలు ఉన్నాయి. క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోనును కూల్చి, ఆ జనాన్ని చెరపట్టింది ఆ అష్షూరే. ఓడిపోయినవాళ్లను హింసించడాన్ని తమ రాజభవనాల గోడల మీద గొప్పగా చెక్కించుకున్న రాజులు వాళ్లు. అలాంటి పట్టణం యోనా ప్రకటన విని గోనెపట్ట కట్టుకుని మారుమనస్సు పొందింది, దేవుడు తలపెట్టిన కీడు చేయలేదు. ప్రవక్తకు విపరీతమైన కోపం వచ్చింది. ఆ కోపంలో పలికిన మాట నిర్గమకాండము 34 నుంచే: నీవు కటాక్షమూ జాలీ బహు శాంతమూ అత్యంత కృపా గల దేవుడవని నాకు తెలుసు, అందుకే మొదటే తర్షీషుకు పారిపోయాను.

మూడో వరస నింపండి. తీర్పు సగం మొత్తం పోయింది. "దోషులను నిర్దోషులుగా ఎంచడు" అన్నది యోనా నోట లేదు. అది జరగాలని కోరుకుంటున్నాడు, జరగలేదు, అదే అతని బాధ. నాలుగో వరస ఇంకా వింతగా ఉంటుంది. మోషే ఈ మాట పట్టుకుని బతికించమని అడిగాడు. యోనా అదే మాట పట్టుకుని నన్ను చంపెయ్యమని అడిగాడు. దేవుని స్వభావం గురించి యోనాకు తెలియనిదేం లేదు, అతని వేదాంతంలో ఒక్క తప్పు కూడా లేదు. ఆ కృప శత్రువు గడప దాకా వెళ్లడమే అతనికి మింగుడుపడలేదు. పుస్తకం చివర దేవుడు వేసిన ప్రశ్నకు యోనా జవాబు ఏమిటో మనకు చెప్పలేదు. నూట ఇరవై వేల కంటే ఎక్కువ మంది ఉన్న ఆ పట్టణం గురించి నేను విచారపడవద్దా అని అడుగుతాడు, పశువుల్ని కూడా లెక్కలో చేర్చి. యూదులు ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నం ఈ పుస్తకం మొత్తం చదువుతారు. తాము క్షమాపణ కోరుకునే రోజున, శత్రువు క్షమాపణ పొందిన కథ వింటారు.

నహూము కూడా నీనెవె గురించే పలికాడు. 3:8లో నో అమోను (ఐగుప్తులోని తేబెసు పట్టణం) పడిపోయిన సంగతి గతంలో జరిగినదిగా చెప్తాడు. అది క్రీ.పూ. 663 నాటి మాట. నీనెవె క్రీ.పూ. 612లో కూలింది. ఈ రెంటి మధ్య కాలంలోనిది ఈ ప్రవచనం. యోనా కాలానికి సుమారు ఒక శతాబ్దం దాటింది. పట్టణం మళ్లీ పాత దారి పట్టింది. నహూము 1:3 ఇలా ఉంటుంది: "యెహోవా దీర్ఘశాంతుడు, మహా బలముగలవాడు, ఆయన దోషులను నిర్దోషులుగా ఎంచడు." కనికరం, దయ, క్షమించడం అన్నీ వదిలి, యోనా వదిలేసిన సగాన్ని ఇతను పట్టుకున్నాడు. అయినా దీర్ఘశాంతం మాత్రం ఉంది. ఎందుకుందో ఆలోచించండి. ఆ వంద ఏళ్లు గడిచింది ఆ దీర్ఘశాంతంలోనే కదా.

ఒకే పట్టణం, ఒకే వాక్యం, ఇద్దరు ప్రవక్తలు. దేవుడు మారాడా? క్రైస్తవులు కాదంటారు. యిర్మీయా 18:7-10లో, కుమ్మరి ఇంటి దగ్గర, దేవుడే ఈ పద్ధతి వివరించాడు. నాశనం చేస్తానని నేను చెప్పిన జనం చెడుతనం మానితే ఆ కీడు చేయను, మేలు చేస్తానని చెప్పిన జనం నా మాట వినకపోతే ఆ మేలు చేయను. యోవేలు 2:13లోనూ యోనాలోనూ దేవుడు "పశ్చాత్తాపపడును" అన్న మాట వస్తుంది కదా, అది తప్పు చేసినవాడు దిద్దుకోవడం లాంటిది కాదు. స్వభావం స్థిరంగా ఉంది కాబట్టే, తిరిగి వచ్చినవాడి పట్ల ఒకలా, తిరగబడినవాడి పట్ల ఒకలా ఉంటుంది.

విడగొట్టినవాళ్ల సంగతి

పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు ప్రేమామయుడు అనే మాట ఈ మధ్య పుట్టింది కాదు. నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న సినోపు నుంచి వచ్చిన మార్కియోను రెండో శతాబ్దంలో రోమాలో ఇదే బోధించాడు. లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. పాత నిబంధనను పక్కన పడేసి, లూకా సువార్తను కత్తిరించుకుని, పౌలు పత్రికలు పది మాత్రం ఉంచుకున్నాడు. 144లో రోమా సంఘం అతన్ని వెలివేసింది, అతను కానుకగా ఇచ్చిన పెద్ద మొత్తాన్ని కూడా వెనక్కి ఇచ్చేసింది. డబ్బు ఉంచుకుని బోధను సహించడం సులువు. ఆ సంఘం అలా చేయలేదు. ఈ విషయంలో వాళ్ల పట్ల నాకు ఎంతో గౌరవం.

మీ నాలుగు వరసల పేజీ ఉంటే మార్కియోనుకు జవాబు మీ చేతిలోనే ఉంది. కృప గురించిన ఆ గొప్ప వాక్యం పాత నిబంధనలోదే. 103వ కీర్తన 8వ వచనంలో దావీదు దాన్నే పాడి, తండ్రి తన పిల్లల మీద జాలిపడినట్టు అని ఇంకో మెట్టు ఎక్కించాడు. 145వ కీర్తన 9వ వచనం ఆ కనికరాన్ని సృష్టి మొత్తానికీ చాచింది.

సిలువ దగ్గర

ఇక కొత్త నిబంధనలోకి. యోహాను 1:14-18 చదివి, నిర్గమకాండము 33-34 పక్కన పెట్టండి. నేను చూపించకముందే మీరే పోలికలు వెతకండి, కాసేపు ఇక్కడ చదవడం ఆపండి.

దొరికాయా? దేవుడు మన మధ్య నివసించడం, ఆయన మహిమ కనిపించడం, "కృపాసత్యసంపూర్ణుడు" అనే మాట, మోషే పేరు, దేవుణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేదన్న మాట. బండ సందులో మోషే వెనుక పక్క మాత్రమే చూశాడు. తండ్రి రొమ్మున ఉన్న అద్వితీయ కుమారుడు ఆయనను బయలుపరిచాడు అంటాడు యోహాను. సీనాయి మీద మాటగా వినిపించినది ఇప్పుడు ఒక మనిషిగా వచ్చిందని క్రైస్తవుల విశ్వాసం.

మరి "దోషులను నిర్దోషులుగా ఎంచడు" అన్న సగం ఏమైంది? రోమా 3:25-26 దగ్గర పౌలు ఈ ప్రశ్నకే జవాబు చెప్తున్నాడు. దేవుడు ఇంతకాలం పాపాలను దాటిపోనిచ్చాడు, అలాగైతే న్యాయం మాటేమిటి? తాను నీతిమంతుడుగా ఉంటూనే, యేసునందు విశ్వాసం ఉంచినవాణ్ణి నీతిమంతునిగా తీర్చడానికి సిలువ అంటాడు. ఆ "గాని" ఇటు ఒక సగం, అటు ఒక సగం. రెండూ పూర్తిగా నెరవేరిన చోటు అదేనని సంఘం మొదటి నుంచీ ఒప్పుకుంది. ఎలా నెరవేరింది అనే వివరణలో తేడాలున్నాయి. 11వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్ము, దేవునికి చెందాల్సిన ఘనతను క్రీస్తు చెల్లించాడని వివరించాడు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్తలు మన శిక్ష ఆయన మోశాడన్న వైపు బలంగా నొక్కారు. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు మరణం మీద క్రీస్తు గెలుపును ముందు పెడతాయి. 7వ పాఠంలో ఈ మూడింటినీ వేరుగా చదువుదాం. ఇప్పటికి ఒక జాగ్రత్త చాలు. కోపంగా ఉన్న తండ్రిని దయగల కుమారుడు శాంతింపజేశాడు అన్నట్టు ఎవరైనా చెప్తే, అది మార్కియోను దారే. రోమా 3:25లో క్రీస్తును బయలుపరిచినవాడు దేవుడే. లోకాన్ని ఎంతో ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చినవాడు తండ్రే.

ఈ పాఠానికి అభ్యాసం

నెహెమ్యా 9వ అధ్యాయం. చెరలో నుంచి తిరిగి వచ్చినవాళ్లు ఉపవాసం ఉండి చేసిన ప్రార్థన. 17వ వచనంలో మన వాక్యం వస్తుంది. ముందు 5 నుంచి 37 దాకా ఒక్కసారి ఆగకుండా చదవండి, గట్టిగా చదివితే మరీ మంచిది. తర్వాత నాలుగు వరసలూ నింపండి. ఒక ప్రశ్న దగ్గర ప్రత్యేకంగా శ్రమపడండి: తీర్పు సగం 17వ వచనంలో లేదు, అయితే ఆ ప్రార్థనలో ఇంకెక్కడైనా ఉందా? ఉంటే ఎవరి మీద పలికారు, మోషే "మా దోషము" అన్నట్టు అన్నారా, యోనాలా అన్నారా?

సమయం ఉన్నవాళ్లు 86వ కీర్తన 15వ వచనం కూడా వెతకండి. అక్కడ ఈ మాట పలికేవాడి చుట్టూ ప్రాణం తీయడానికి చూసేవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి అతను ఏం అడిగాడో, ఏం అడగలేదో రాయండి.

తర్వాతి పాఠానికి మార్కు 1:9-11 చదివి రండి, యొర్దానులో యేసు బాప్తిస్మం. ఆ మూడు వచనాల్లో ఎవరెవరు ఏమేం చేశారో క్రియలన్నీ రాసి తీసుకురండి. 325లో నీకయ సభలో, 381లో కొన్‌స్తాంటినోపిల్ సభలో సంఘం త్రిత్వం గురించి ఏం ఒప్పుకుందో ఆ క్రియల నుంచే చదువుతాం.